రెండో బేస్ పెట్టె

గలాట్సి,
శనివారం

తమ్ముడు టిబేరియుకు, అక్క దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. నువ్వూ ఓడ మీద వేళకు తింటున్నావని తలుస్తాను.

ఈ ఉదయం సంగతి రాస్తాను. దీపం వెలిగించి, మొక్కజొన్న సంకటి కలిపాను. నాన్న వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చుని పాలు తాగాడు. అమ్మ పోయాక ఆయన సినిమా గదిలోకి రావడం లేదు. "మీ అమ్మతోపాటే నా చెవులూ పోయాయి," అంటాడు. మాటలు ముందునుంచీ సరిగా వినబడవు కదా. మిగిలింది లోతైన చప్పుళ్ళే, ఆదివారం సినిమాల్లో గుర్రాల డెక్కల దడ. అదీ పోయిందని ఆయన నమ్మకం.

చెవులు పోలేదు తమ్ముడూ. అమ్మ శవపేటికకు గోడ వారన చోటు కావాలని సోఫాను గది నడుమకు జరిపాం. అది అక్కడే ఉండిపోయింది. మూలనున్న నీ బేస్ పెట్టె, ఆ సబ్‌వూఫర్ నుంచి వెళ్ళే దడ, గోడకు తగిలి తిరిగొచ్చే దడ సరిగ్గా ఆ నడుమనే ఒకదాన్నొకటి మింగేసుకుంటున్నాయని మీ బావ సావా కనిపెట్టాడు. గుమ్మంలో నిలబడితే గుండె అదురుతుంది. సోఫాలో కూర్చుంటే ఏమీ లేదు.

సోఫాను వెనక్కి జరపరాదా అంటావేమో. జరుపుతామని నాన్నతో అన్నాను. "అక్కడ మీ అమ్మను పడుకోబెట్టారు. నేను కూర్చోను," అన్నాడు. అందుకని నీ మంచం కింది రెండో పెట్టె తీశాం. రెండుంటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుందట. చోటు వెతికే పద్ధతే వింత. పెట్టెను సోఫాలో, నాన్న కూర్చునే చోట పెట్టి మోగించాలి. మనిషి నేల మీద పాకుతూ వినాలి. దడ ఎక్కడ నిండుగా ఉంటే పెట్టె అక్కడికి పోవాలి.

మీ బావ పాకుతుంటే నాన్న గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమల్లుడూ, పళ్ళసెట్టు పోయిందా?"

సావా లేచి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు. "లేదు మామయ్యా, మీ గుర్రాలు తప్పిపోయాయి. వెతుకుతున్నా."

నాన్న నవ్వలేదు. వెళ్ళిపోనూ లేదు. సావా మళ్ళీ పాకి, గోడ వారన ఒకచోట ఆగి నావైపు చూశాడు. అమ్మను ఉంచిన చోటే.

ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు రాస్తున్నాను. అమ్మను పాతిపెట్టి వచ్చాక నాకు ప్రార్థన రావడం లేదు. పెదవులు కదులుతాయి, మాటలు వరసగా వస్తాయి, లోపల ఎవరూ లేరు. ఆ చోట నేనూ మోకరించి నేలకు చెవి ఆనించాను. నిండుగా వినబడింది. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నాకోసం నువ్వు ప్రార్థించు.

సాయంత్రం భోజనాల దగ్గర సావా ఆ చోటు సంగతి నాన్నకు చెప్పాడు. వద్దంటే పెట్టెను తిరిగి మంచం కిందికి తోసేద్దామనుకున్నాం. ఆయన రొట్టె తుంపి గిన్నెలో ముంచాడు.

"అక్కడ కూర్చోవడం నావల్ల కాదు," అన్నాడు. "అక్కడి నుంచి ఏదైనా వస్తే వింటాను."

రేపు చర్చి నుంచి వచ్చాక పెట్టెను అక్కడే పెట్టాలని అనుకున్నాం.

ఇట్లు,
నీ పెద్దక్క
ఎవ్‌దోకియా