మూడో స్థానం

గురువారం, రాత్రి

టీవీలో వెయిట్‌లిఫ్టింగ్ చూస్తూ చిన్ని అడిగింది. "మమ్మీ, ఆ దీదీ పేరు పక్కన జెండా లేదేటి?"

వాళ్ళ దేశం యుద్ధం చేస్తోందని, అందుకే జెండా లేకుండా ఆడుతోందని చెప్పాను. రైల్వే గార్డుగా రిటైరైన నాన్న ఊరుకోలేదు. "జెండా లేకపోతే బండే కదల్దు. ఈ పిల్లనెలా ఆడనిచ్చీసారు? ఇంటికి పంపించీయాల."

మేం అలాంటి అమ్మాయినే పంపించేశాం నాన్నా. నా ఆఖరి పోటీలో, ఆ అమ్మాయి ఆడకూడదని అందరం సంతకాలు పెట్టి. ఆ కాగితం తెచ్చినామె వాళ్ళన్నయ్య ఆ అమ్మాయి దేశం చేసిన యుద్ధంలోనే పోయాడు. ఆమె ఏడుపు చూడలేక సంతకం పెట్టానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. కానీ అంతకుముందే ఎవరెంత ఎత్తగలరో ఉన్న లిస్టు చూశాను. ఆ అమ్మాయి ఉంటే నేను నాలుగు. లేకపోతే మూడు.

ముందురోజు ప్రాక్టీసులో నా అరచెయ్యి చిట్లితే తన టేపు చింపి చుట్టింది ఆ అమ్మాయే. వెళ్ళిపోతూ మిగిలిన టేపు నా మంచం మీద పెట్టింది. నా సంతకం సంగతి తెలిసి పెట్టిందో, తెలియకో...

చిన్ని రేపు నా మెడల్ స్కూల్లో చూపిస్తుందట. "ఎలా గెలిచావని మేడం అడిగితే క్యా బోలూ, మమ్మీ?"

బరువెత్తి గెలిచిందని చెప్పమన్నాను. అది నిద్రపోయింది. మెడల్ దాని బ్యాగులో ఉంది. తీసేద్దామని ఇప్పటికి రెండుసార్లు లేచాను...