నలభై కిలోల పొయ్యి

గంగాబౌలి, సీతాఫల్‌మండి దగ్గర
18 జూన్ 2007

ప్రియమైన మార్తకు,

నీ ఒంట్లో ఎలా ఉంది? మోకాళ్ల నొప్పులు తగ్గాయా? దేవకృపకు ఆ తలనొప్పి మళ్లీ వచ్చిందా? అల్లుడుగారికి రైల్వేలో డ్యూటీ మార్చారా? పెద్ద మనవడికి పన్ను ఊడిందన్నావు, కొత్తది వంకరగా రాలేదు కదా? చిన్నది అన్నం తింటోందా, ఇంకా పాల మీదే ఉందా? మీ పక్కింటి ముసలాయనకు గుండెనొప్పి వచ్చిందని రాశావు. ఆయన ముఖం కూడా నేను చూడలేదు, అయినా నాలుగు రోజులుగా ఆయన గురించే దిగులు. ఆ కబురు కూడా రాయి.

ఇక్కడ పైడిబాబు సాఫ్ట్‌వేర్ పిల్లలను మాదాపూర్ తిప్పుతున్నాడు. కారు గేటు ముందు ఆగేదాకా నా ప్రాణం గుమ్మంలోనే ఉంటుంది. కోడలు లోవలక్ష్మికి పొద్దున్నే పొడిదగ్గు. ఫ్రిజ్ నీళ్లు మానమంటే వినదు. నువ్వు కూతురింటికి వెళ్లాక, నువ్వు ఇరవై రెండేళ్లు కూర్చున్న పీట మీదే కూర్చుని ఆర్డరు అరిసెలు ఒత్తుతోంది. నీ అంత చురుకు లేదు కానీ నేర్చుకుంటోంది.

ఫోన్ చేస్తే దేవకృపే తీస్తోంది. నీకు ఫోన్లో సరిగా వినబడదంటోంది. సరే, ఉత్తరమే మేలు. చదువుకున్నది అయిదో తరగతే అయినా నీకు రాయాలంటే నా చెయ్యి ఆగదు.

అసలు కబురు ఇది. మా వార్డు కమిటీ కార్బన్ న్యూట్రల్ అవుతుందట. అంటే వార్డంతా కలిసి ఎంత పొగ వదిలితే అంతా చెట్లు మింగేయాలట. మూడేళ్లు గడువు. కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టి కమిటీ ప్రెసిడెంటు రాములు గంటసేపు చెప్పాడు. వెనక నుంచి లచ్చమ్మ లేచింది. "ఏందయ్యా రాములు, మా ఇంటాయన బీడీలు సుత లెక్కల రాస్తరా?" అంది. "రాస్తం అత్తమ్మా, ఊపిరొక్కటి ఇడిచిపెట్టి అన్ని రాస్తం" అన్నాడు. "మరి గా బస్సుల సంగతేందీ, సందంతా నల్లగ చేస్తయి?" అంది. "బస్సులు మన వార్డువి కావు. మన రోడ్డు మీదకెల్లి పోతయి, గంతే" అన్నాడు. హాలంతా నవ్వు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇంటింటికీ తిరిగి పొయ్యిలు రాసుకునే పని మన ఆర్థర్‌కు ఇచ్చారు. రోజుకు పాతిక కిలోల కట్టెలు దాటితే ఆ పొయ్యి ఈ ఏడే కొట్టేస్తారు. దాటకపోతే మూడేళ్లూ ఉంచుకోవచ్చు. ఆర్థర్ కాగితం పట్టుకుని వచ్చి, "పెద్దమ్మా, మీకు రోజుకెన్ని కిలోలు పడుతయి?" అని అడిగాడు. "పది నాయనా, పది దాటితే ఒట్టు" అన్నాను. వాడు నా ముఖం ఒక్కసారి చూసి పది అనే రాసుకున్నాడు.

నలభై కాలుస్తామని నీకూ నాకూ తెలుసు. కట్టెల డిపో భద్రయ్యకు తెలుసు. వాడి నోరు మంచిది. దుంగలన్నీ స్నానాలగది వెనక, నీళ్ల డ్రమ్ముకూ గోడకూ మధ్య పేర్చి పైన పాత ఫ్లెక్సీ కప్పాను. నువ్వు తడిచీర ఆరేసుకునే చోటు. నీ కొడుకుతో అబద్ధమాడానని కోపం తెచ్చుకోకు. నేరేడ్‌మెట్ దేముడుబాబుగారి అమ్మాయి సుధకు శ్రావణంలో పెళ్లి. సారె మనకే చెప్పారు. అరిసెలు, పాకుండలు, కజ్జికాయలు, పిల్ల అత్తవారి వీధంతా పంచాలి. పొయ్యి లేకపోతే నేనేం చెయ్యను? ఈ మాట నీ కడుపులోనే ఉంచుకో.

నీ అక్క,
అప్పలకొండమ్మ


కాజీపేట
4 జూలై 2007

ప్రియమైన కొండమ్మక్కకు,

మేమంతా బాగున్నాం. మనవడి పన్ను వంకరగా రాలేదు. పక్కింటి పెద్దాయన ఆస్పత్రి నుంచి వచ్చేశాడు, నిన్న గొంతెత్తి పాలవాడితో కొట్లాడాడు, కాబట్టి నువ్వు పడుకోవచ్చు. నా చెయ్యి వణుకుతోంది, దేవకృప చేత రాయిస్తున్నాను.

అక్కా, లోవలక్ష్మి దగ్గు ఎన్నాళ్లుగా ఉంది? మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా? పొయ్యికి ఆ పక్కనే కూర్చుంటోందా, గాలి మళ్లినప్పుడు పొగ వచ్చే వైపు? ఒకసారి ఛాతీ ఫోటో తీయించు. కమిటీ వాళ్లు పెద్ద గ్యాస్ పొయ్యి ఇస్తామంటున్నారని ఆర్థర్ చెప్పాడు, తీసుకోరాదా? కట్టెలు మోసే బాధ కూడా తప్పుతుంది.

నీ చెల్లెలు,
మార్త


గంగాబౌలి
15 జూలై 2007

ప్రియమైన మార్తకు,

మీరంతా క్షేమమని తెలిసి మనసు కుదుటపడింది. కానీ నీ చెయ్యి ఎందుకు వణుకుతోంది? ఒక చెయ్యేనా, రెండూనా? షుగరు చూపించుకున్నావా?

గ్యాస్ మాట నువ్వు కూడా అంటావనుకోలేదు. గ్యాస్ మంట మూకుడు అడుగునే కాలుస్తుంది, అంచుకు పోదు. బెల్లం పాకం ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. అరిసె నోట్లో వేసుకున్నవాళ్లు ఊరుకుంటారా? మా అత్తగారు బొబ్బిలి నుంచి వచ్చిన ఏడాది తన చేత్తో మెత్తిన పొయ్యి అది. నా కట్టె కాలేదాకా అది కాలుతుంది. లోవలక్ష్మి దగ్గుకు మిరియాల కషాయం ఇస్తున్నాను. అడిగితే, "నాకేటీ నేదత్తా, దగ్గేగదా, అదే పోతాది" అంటోంది. ఫోటోలూ గీటోలూ ఎందుకు, లేని జబ్బు అంటగడతారు.

మళ్లీ ఆ మాట రాయకు.

నీ అక్క,
అప్పలకొండమ్మ


గంగాబౌలి
3 సెప్టెంబర్ 2007

మార్తకు,

మీరందరూ ఎలా ఉన్నారని ఈసారి అడగను.

పోయిన సోమవారం పొద్దున పాకం పొయ్యి మీద ఉంది. సుధ సారెలో ఇంకా సగం పని మిగిలి ఉంది. ఆర్థర్ వచ్చాడు. వెంట రాములు, ఇద్దరు మనుషులు, ఒక తూకం, ఒక ఫోటోగ్రాఫరు. ఆర్థర్ ముఖం ఎత్తలేదు. "పెద్దమ్మా, మీది పది కాదు, నలభై" అన్నాడు.

"ఎవడ్రా సెప్పినోడు?" అన్నాను.

వాడు ఇల్లు వెతకలేదు. పెరట్లో అటూ ఇటూ చూడలేదు. తిన్నగా స్నానాలగది వెనక్కి నడిచి, డ్రమ్ము జరిపి, ఫ్లెక్సీ తీశాడు. దుంగలు తూకం వేశారు. రాములు, "ఏం పరేషాన్ గాకమ్మా, నెల తిరగకముందే పెద్ద గ్యాస్ పొయ్యి వస్తది, నాది జిమ్మేదారి" అన్నాడు. అనేసి ఫోటోకు నిలబడ్డాడు. గునపం నాలుగు దెబ్బలు. మా అత్తగారు మెత్తిన పొయ్యి నాలుగే దెబ్బలకు మట్టి అయిపోయింది. పాకం మూకుడుతో సహా పక్కన పెట్టారు, అది అక్కడే గడ్డకట్టింది. వార్డు ఆఫీసు గోడ మీద బోర్డు ఉంది, మిగిలిన కట్టెల పొయ్యిలు నలభై ఒకటి అని. సాయంత్రానికి దాన్ని తుడిచి నలభై అని రాశారు. నేను వెళ్లి చూసి వచ్చాను.

సుధ సారె దుకాణం నుంచి కొని పంపారు. దేముడుబాబుగారు ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రం ఫోన్లో, "ఏటి కొండమ్మగోరూ, ముందే చెప్తే ఇంకోచోట చూసుకుందుము కదండీ" అంది. ముప్ఫై ఏళ్లలో ఆ మాట నేను పడలేదు.

ముందు భద్రయ్యను అనుమానించాను. డిపోకు పోయి నలుగురిలో నిలబెట్టి తిట్టాను. అతను కొడుకు మీద ఒట్టేసి, "నేనెందుకు చెప్తనమ్మా, నీ గిరాకీ పోతే నాకు నష్టం కాదా? గా ఫ్లెక్సీ సంగతే నాకు ఎరుక లేదు" అన్నాడు. ఇంటికి వస్తుంటే దారిలో నా కాళ్లు ఆగిపోయాయి.

దుంగలు ఎక్కడ పెట్టానో భద్రయ్యకు తెలియదు. పైడిబాబుకు తెలియదు, వాడు పెరట్లోకి రాడు. లోవలక్ష్మికి తెలుసు కానీ, అది ఆగస్టంతా పుట్టింట్లో ఉంది. ఆ చోటు నేను ఒక్కరికే చెప్పాను. జూన్ పద్దెనిమిదిన, నా చేత్తో, కాగితం మీద.

కడుపులో ఉంచుకోమన్నాను. నీ కొడుక్కి మంచి పేరు రావాలని నన్ను పట్టించావా? ఇరవై రెండేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం. నీ చెయ్యి కాలితే నా నోట్లో పెట్టుకున్నాను. మా ఆయన పోయిన రోజున నన్ను పట్టుకున్నది మా చుట్టాలు కాదు, నువ్వు. దొంగ ఎవరో తెలియనప్పుడు కోపం ఉండేది. ఇప్పుడు కోపం కూడా లేదు, చేతులు చల్లగా ఉన్నాయి.

ఆర్థర్ నిన్న మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను మంచినీళ్లు ఇవ్వలేదు. నా జీవితంలో గుమ్మంలోకి వచ్చిన మనిషికి నీళ్లు ఇవ్వకపోవడం అదే మొదలు.

అవును అంటావో కాదు అంటావో ఒక్క ముక్క రాయి.

అప్పలకొండమ్మ


కాజీపేట
20 సెప్టెంబర్ 2007

ప్రియమైన అక్కకు,

అవును.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, దేవకృప కాదు. అందుకే ఇన్ని రోజులు పట్టింది. నాలుగు లైన్లు రాసి పడుకుంటున్నాను.

నాకు చెవులు బాగానే వినబడతాయి. ఫోన్లో మూడు మాటలు మాట్లాడితే నాలుగోదానికి దగ్గు వస్తుంది, అది నువ్వు వింటావని ఫోన్ ముట్టుకోవడం లేదు. నా ఊపిరితిత్తులు చెడిపోయాయి. పోయిన డిసెంబరులో ఫోటో తీశారు. డాక్టరు, "అమ్మా, ఎన్నేండ్లసంది బీడీ తాగుతున్నవు?" అని అడిగాడు. దేవకృప కొట్లాటకు దిగింది, మా అమ్మ ప్రార్థన తప్పని మనిషి అని. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. తరువాత ఆయన, "కట్టెల పొయ్యి ముందు కూసుంటుంటివా?" అన్నాడు. ఎంత దూరంలో, ఏ వైపు, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని కిలోలు, అన్నీ అడిగాడు. అక్కా, కమిటీ కన్నా ముందు ఆ లెక్క నన్ను అడిగింది ఆయన. ఇప్పుడు ఇంట్లో ఒక ఆక్సిజన్ మిషను ఉంది. రాత్రీ పగలూ ముక్కులో గొట్టం.

నీ ఉత్తరంలో లోవలక్ష్మి నా పీట మీద కూర్చుందని చదివాను. పొడిదగ్గు అని చదివాను. నాకూ పొడిదగ్గుతోనే మొదలైంది. ఫ్రిజ్ నీళ్లు అనుకున్నావు, అప్పట్లో నాది చింతకాయ పచ్చడి అనుకున్నావు, గుర్తుందా?

ముందు మామూలుగా చెప్పి చూశాను. మళ్లీ ఆ మాట రాయకు అన్నావు. ఆ ఉత్తరమూ ముందుదీ రెండూ ఆర్థర్ వచ్చినప్పుడు వాడి చేతిలో పెట్టాను. వాడు ఒద్దన్నాడు. "అమ్మా, పెద్దమ్మ నన్ను జన్మల మాఫ్ చెయ్యదు" అన్నాడు. "నిన్ను కాదు, నన్ను చెయ్యదు, పో" అన్నాను. నెల రోజులు ఆగి వెళ్లాడు. సారె అయ్యేదాకా ఆగుదామన్నాడు. నేనే ఒద్దన్నాను, ఇది అయితే ఇంకో సారె ఉంటుంది, అది అయితే ఇంకోటి. వార్డులో చెట్లు పొగ మింగినా మింగకపోయినా నాకు పట్టదు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదు అంటావు. నీకు నిద్ర ఉండదని చెప్పలేదని అనుకుందామనుకున్నాను. అది అబద్ధం. నా సంగతి చెప్పాక కూడా నువ్వు పొయ్యి ఆర్పకపోతే? పాకం కుదరదు అంటే? ఆ జవాబు చూడటానికి నాకు ధైర్యం లేకపోయింది. అందుకని నీ చేతిలోంచి లాక్కున్నాను.

మాఫీ అడగడం లేదు. ఆ పిల్లకు ఫోటో తీయించు.

మార్త


గంగాబౌలి
9 అక్టోబర్ 2007

మార్తా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. పదిసార్లు కాగితం తీశాను.

లోవలక్ష్మికి ఫోటో తీయించాం. కొద్దిగా వాపు ఉందట, పొగ తగలకపోతే తగ్గుతుందన్నారు. ఆరు నెలలు మందులు. ఇంటికి వచ్చి అది, "అత్తా, మార్తమ్మ పీట మీద కూకుంటే నాకెప్పుడూ కళ్లంట నీళ్లొచ్చీవి, నీకు సెప్తే పని సేతకాదనుకుంటావని సెప్పనేదు" అంది. నాకు ఎవరూ ఏదీ చెప్పరన్నమాట. నేను అంత భయంకరమైన మనిషినా?

గ్యాస్ పొయ్యి నెల అన్నది ఆరు వారాలకు వచ్చింది. ఆర్థరే భుజాన మోసుకొచ్చాడు. ఈసారి నీళ్లు ఇచ్చాను. తాగుతుంటే వాడి కంఠం కదలడం చూశాను, చిన్నప్పుడు నా వంటింట్లో పాలు తాగినట్టే. కొత్త పొయ్యి మీద పాకం రెండుసార్లు మాడింది. మూడోసారి వచ్చింది. వచ్చినందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

నువ్వు చేసింది మోసమే. మంచికి చేసినా మోసమే. నా ఉత్తరం తీసుకెళ్లి చూపించావు. ఇకముందు ఏ కాగితం మీదైనా ఒక మాట రాయాలంటే ఎవరు చదువుతారో అని చూసుకుంటాను, ఈ వయసులో ఆ అలవాటు నువ్వు నేర్పావు. కానీ అది కాదు నన్ను తినేస్తున్నది.

నా జన్మంతా దిగులే పడ్డాను. ముఖం తెలియని ముసలాయన గుండె గురించి దిగులు, మీ మనవడి పన్ను గురించి దిగులు, కారు ఆలస్యమైతే దిగులు. ఒక్కటీ నిజం కాలేదు. నిజంగా దిగులు పడాల్సింది ఒక్కటి ఉంది. పది నెలలు దాన్ని నా దగ్గర దాచావు. నువ్వు గొట్టం పెట్టుకుని పడుకున్న రోజుల్లో నేను ఇక్కడ అరిసెలకు నువ్వులు సరిపోతాయా అని దిగులు పడ్డాను. అది నాకు హక్కైన దిగులు, మార్తా. నువ్వు దాన్ని లాక్కున్నావు. పొయ్యి కన్నా అదే పెద్ద దొంగతనం.

ఆర్పేదాన్నా అని అడిగావు. దేవుడి ముందు నిలబడి చెప్పమన్నా నాకు తెలియదు. ఆర్పేదాన్నని రాద్దామని మూడుసార్లు రాసి కొట్టేశాను. తెలియదు అనే రాస్తున్నాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. ఇరవై రెండేళ్లు గాలి మళ్లినప్పుడల్లా పొగ నీ వైపే వెళ్లేది. ఒక్క రోజు పీటలు మార్చుకుందామని నాకు తోచలేదు. నువ్వూ అడగలేదు. మాలో పొయ్యికి ఎదురుగా ఇంటి పెద్దది కూర్చోవాలని మా అత్తగారు చెప్పింది, నేను కూర్చున్నాను. అంతే.

నిన్ను మాఫ్ చెయ్యడానికి రావడం లేదు. తిట్టడానికే వస్తున్నాను, ఎదురుగా కూర్చుని, నువ్వు మధ్యలో మాట్లాడకుండా. నీకు మాట్లాడితే దగ్గొస్తుంది కాబట్టి ఈసారి నాదే పైచేయి. దేవకృపతో చెప్పు, వంట ఏమీ పెట్టుకోవద్దు. పైడిబాబు బండి ఎక్కిస్తానన్నాడు. ఆ మిషను కరెంటు పోతే ఏం చేస్తారో కనుక్కుని ఉంచు, నాకు ఆ సంగతి ముందు తెలియాలి.

అక్టోబర్ ఇరవై ఎనిమిది, ఆదివారం, మీవాళ్లు చర్చి నుంచి వచ్చేలోపు నీ గుమ్మంలో ఉంటాను.

నీ అక్క,
అప్పలకొండమ్మ