బావగారితో అన్న "ఆయ్"

శనివారం, బండారులంక

బావగారు చావింటికి పరామర్శకొచ్చినట్టు వచ్చేరు. మా అమ్మాయి ప్రభుత్వ యూనివర్సిటీలో బి.ఏ. చరిత్ర తీసుకుందని ఎవరో చెప్పేరట.

"పాపం, ఇంజినీరింగుకి ర్యాంకు రాలేదాండీ?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. దానికొచ్చిన ర్యాంకు చూసి ఇంజినీరింగు కాలేజీలవాళ్ళు మా ఇంటి చుట్టూ తిరిగేరు. వాళ్ళందరినీ కాదని, తనకిష్టమైన చదువు ఎంచుకుంది. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పాలి కదా నేను. పెద్దాయన ఏమన్నా ఔననడం అలవాటైపోయిన వెధవ నోరు, "ఆయ్, రాలేదండి" అనేసింది.

లోపల అమ్మాయి నేస్తున్న మగ్గం చప్పుడు ఆగిపోయింది.

బావగారు వెళ్ళేక అమ్మాయి కాఫీ గ్లాసులు తీయడానికొచ్చి, "నాకు ర్యాంకు రాలేదా నాన్నా?" అంది. అంతే అడిగింది.

నేనింకా బావగారినే తిట్టుకుంటున్నాను, సిగ్గు లేకుండా.