కాబోయే అల్లుడి కుచ్చుటోపీలు

పూజ్యులైన కాబోయే మామగారికి,

నమస్కారాలు. ఇక్కడ క్షేమం అని రాయాలి గానీ, క్షేమంగా కూర్చునే తీరిక కూడా లేదు. మీ అమ్మాయికీ నాకూ పెళ్లి ఖాయం చేసిన రోజున "నెలకో ఉత్తరం రాయి బాబూ, ఆఫీసులో ఏం చేస్తున్నావో నాకు తెలియాలి" అన్నారు. ఈ నెల ఆలస్యమైంది, క్షమించండి.

సంగతేమిటంటే, మా నీటిపన్ను ఆఫీసులో ఉద్యోగులందరి చేతా ఏదో ఒక దానం చేయించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ కాగితం బల్లబల్లకీ తిరిగింది. చదివినవాళ్లు చదివినట్టే పక్కకి జరిపారు. నేను చదువుతూ ఉండగా ఆఫీసరుగారు వచ్చేశారు. "నీకు ఆసక్తి ఉన్నట్టుందే!" అన్నారు. అంతే. పెద్దాసుపత్రి పిల్లలకి టోపీలు పెట్టే పని నా నెత్తిన పడింది.

అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ప్రతి సెక్షనుకీ వెళ్లి "మనిషికి ఒక్కటైనా చూడండి" అని బతిమాలుతున్నాను. క్యాషియరుగారు "చూద్దాం" అంటారు. రికార్డు రూములో ఒకాయన ఉన్నారు. ఆయన్ని అందరూ 'రేపురా' అని పిలుస్తారు. ఆయన ఏమన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా నేను వదలను. ఆ వార్డులో ఒక్కరు కూడా మిగలకూడదు. అందరికీ పెట్టి తీరతాను.

మీ అమ్మాయిని అడిగానని చెప్పండి.

ఇట్లు
మీ విధేయుడు, కాబోయే అల్లుడు

తా.క.: నిన్న మొదటిసారి పెట్టాను. మొదట కాస్త తడబడ్డాను గానీ, రెండోవాడి దగ్గరికి వచ్చేసరికి అలవాటైపోయింది.

*

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. అక్షరాలు మారలేదు.

నేను ఉద్యోగమంతా ఆడిటులో చేసి రిటైరైనవాణ్ణి. దానం పేరు చెప్పి టోపీలు పెట్టే ఆఫీసులు నాకు కొత్త కాదు. కానీ కాబోయే మామకి ఇంత నిర్భయంగా రాసి పోస్టు చేసినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. అదీ జబ్బుపడ్డ పిల్లలకా? టోపీ పెట్టడానికి పెద్దవాళ్లే దొరకలేదా మీకు?

నువ్వు అమాయకుడివి. ఎవరో నిన్ను ముందుకి తోసి తాము వెనక నిలబడ్డారు. నాకు నిజం చెప్పు. ఇది మీ ఆఫీసరుకి తెలుసా? ఇందులో ఇంకా ఎవరెవరున్నారు? ఎక్కడైనా ఆఫీసు ముద్ర పడిందా?

కుర్చీలో కూర్చుంటే కుదురు లేదు. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. నీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను. కిసుక్కుమంది. దగ్గొచ్చిందంది. వెంటనే చెప్పులేసుకుని బజారుకెళ్లి సంచెడు ఉన్ని కొనుక్కొచ్చి అల్లిక మొదలుపెట్టింది. పాపం, దిగులు మరిచిపోవడానికి ఏదో ఒక వ్యాపకం కావాలి కదా.

ఇట్లు
మామగారు

తా.క.: 'అలవాటైపోయింది' అన్నావు. నాకు దొరికినవాళ్లందరూ అదే మాట అన్నారు.

*

పూజ్యులైన కాబోయే మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి కొండంత ధైర్యం వచ్చింది. నా పని మీద మీరింత శ్రద్ధ పెడతారనుకోలేదు. అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లి వస్తాను, ఏమీ అనుకోకండి.

ఆఫీసరుగారికి తెలుసా అన్నారు. తెలియడమేమిటండీ! మొదటి టోపీ ఆయన చేతే పెట్టించాం. ఫొటో తీసి నోటీసు బోర్డుకి అంటించాం. పక్కన నేనూ ఉన్నాను గానీ కళ్లు మూసుకుని పడ్డాను.

ఎవరెవరున్నారంటే, మాటకి అందరూ ఉన్నారు, చేతకి ఎవరూ లేరు. క్యాషియరుగారు ఇంకా చూస్తూనే ఉన్నారు. టైపిస్టు అక్కయ్య ఒక్కతే మంచిది. "మా ఆయనకి పెడదామని ఒకటి దాచాను, పోనీలే, ఆ పిల్లలకే పెట్టు" అంది. పై ఊరి నుంచి కూడా ఎవరో పేరు చెప్పకుండా సాయం చేస్తున్నారు. వాళ్లవి మామూలువి కావండీ, అన్నీ కుచ్చుటోపీలే!

ముద్ర సంగతి అడిగారు చూశారా, అక్కడే నా కొంప మునిగింది. మా ఇన్‌వార్డు గుమస్తాకి గుమ్మం దాటి ఏది లోపలికొచ్చినా 'అందినది' అని ఊదారంగు ముద్ర గుద్దితే గానీ చెయ్యి ఊరుకోదు. ఒకసారి ఎవరిదో భోజనం క్యారేజీ మీద కూడా గుద్దాడు. మనకి వచ్చినవాటి మీదా గుద్దేశాడు. ఇదేమిటయ్యా అంటే, "ముద్ర లేకుండా లోపలికి రానిస్తే రేపు నన్నడుగుతారు" అన్నాడు. ఆ మచ్చ ఉతికినా పోవడం లేదు.

ఇంకా సగం వార్డు మిగిలే ఉంది. ఆఫీసులో ఎవరూ కదలరు. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు
మీ అల్లుడు కాబోతున్నవాడు

తా.క.: పెట్టేటప్పుడు పిల్లలు ఎంత మురిసిపోతారో! ఒకడైతే, ఇంకోటి కూడా పెడితే గానీ వదలనని నా చొక్కా పట్టుకున్నాడు.

*

చిరంజీవి గుమస్తాకి,

'అల్లుడికి' అని రాయబోయి కలం ఆపాను.

ఆఫీసరు చేత ప్రారంభోత్సవం! దానికో ఫొటో! వచ్చిన సొత్తు మీద 'అందినది' అని సర్కారు ముద్ర! నా సర్వీసులో దొంగలు ముద్రలు దాచుకునేవాళ్లు గానీ ఎదురు గుద్దేవాళ్లు కాదు. ఒకావిడ కట్టుకున్న మొగుడికే పెడదామనుకుందట! పై ఊరి ముఠా కుచ్చుటోపీలతో దిగిందట! మచ్చ ఉతికినా పోదని నువ్వే ఒప్పుకున్నావు. ఇంకా నేను తవ్వడానికేముంది?

నాకున్నది ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. దాన్ని ఒకరి చేతిలో పెట్టాలంటే ఆ చెయ్యి శుభ్రంగా ఉండాలి. సూటిగా చెబుతున్నాను. ఆ టోపీల పని ఈ రోజే మానెయ్యి. మానకపోతే ఈ సంబంధం లేదనుకో.

ఈ ఉత్తరమూ అమ్మాయికి వినిపించాను. కుచ్చుటోపీల దగ్గరికి వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. తలుపు సందులోంచి చూశాను. మంచం మీద బోర్లా పడి, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తోంది. తర్వాత లేచి కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆ ఉన్ని ముందేసుకుని దారపు కుచ్చులు కడుతూ కూర్చుంది. "ఎందుకమ్మా ఇవన్నీ?" అంటే "ఊరికే నాన్నా" అంది.

ఇట్లు
ఒక ఆడపిల్ల తండ్రి

తా.క.: నిన్న పార్శిలు కట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లొచ్చింది. ఎవరికమ్మా అంటే తెలిసినవాళ్ల పిల్లలకట. నీ మీదినుంచి మనసు మళ్లించుకుంటోంది. మంచిదే.

*

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాను. మెట్లెక్కాను, దిగాను. ఎక్కడా కూర్చోలేకపోయాను. ఒక గవర్నమెంటు ఉద్యోగి టోపీల కోసం బల్లబల్లకీ తిరిగి చెయ్యి చాపడం మీకు నామోషీగా ఉందని అర్థమైంది. పెద్దవారు, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ పని మానలేనండీ.

వార్డులో చివరి మంచం మీద ఒక పాప ఉంది. పక్క మంచాల వాళ్లని "మందు మింగావా లేదా?" అని గదమాయిస్తూ ఉంటుంది కనక నర్సులు 'డాక్టరమ్మ' అంటారు. మొన్న నన్ను ఆపి, "అందరికీ పెట్టావు, నాకెప్పుడు పెడతావు?" అంది. నా దగ్గర ఆ రోజు ఒక్కటీ మిగల్లేదు. "సోమవారం" అన్నాను. "సోమవారం అన్నవాళ్లు ఎవరూ రారు" అంది. కోపంగా కూడా అనలేదు మామగారూ, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు అంది.

నేను సోమవారం వెళ్తాను. ఎక్కణ్నుంచి తెస్తానో తెలియదు గానీ వెళ్తాను. పెళ్లి తప్పిపోతుందంటే గుండెలో రాయి పడ్డట్టుంది. అయినా ఆ పిల్లకి పెట్టి తీరతాను.

ఇట్లు
మీరు ఏమంటే అది

తా.క.: మీ అమ్మాయితో ఒక్క మాట చెప్పండి. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. చూడ్డానికి వచ్చిన రోజున చెబుదామనుకుని, మంచినీళ్లు అడిగి ఊరుకున్నాను. ఈ మాట ఆమెకి అందితే చాలు.

*

అయ్యా,

'పెట్టి తీరతాను' అన్న మీ సవాలు చూశాను. అభంశుభం ఎరగని పిల్ల తనంతట తాను వచ్చి టోపీ పెట్టమని అడిగేలా చేశారంటే మీరు సామాన్యులు కారు.

మీ ఆఫీసరుగారికి విడిగా ఉత్తరం రాశాను. నేనే స్వయంగా తనిఖీకి వస్తున్నాను. ఎప్పుడొస్తానో చెప్పను. చెప్పి చేసేది తనిఖీ కాదు, చుట్టపుచూపు.

ఇట్లు
ఆడిటరు

తా.క.: దారిలో తినడానికి అమ్మాయి ఏదో కట్టిచ్చింది. ఇస్తూ ఇస్తూ "తలకి చలిగాలి తగలకుండా చూసుకోండి నాన్నా" అని నవ్వింది. ఈ పరిస్థితిలో నవ్వేమిటో నాకు అర్థం కాలేదు. దిగులు ముదిరిందేమోనని భయంగా ఉంది.

*

పూజ్యులైన __________ గారికి,

(మామగారు అని రాయొచ్చో లేదో తెలియక ఖాళీ వదిలాను. మీరే నింపుకోండి.)

మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు! మా మీద కోపంగా ఉండి కూడా మీరు చేసిన సాయం సొంత మామ కూడా చెయ్యడు. మీ ఉత్తరం శుక్రవారం ఆఫీసరుగారికి చేరింది. "మీ ఆఫీసులో టోపీలు పెడుతున్న సంగతి నా దృష్టికి వచ్చింది. ఎవరెవరు పెట్టారో, ఎన్ని పెట్టారో పేరుపేరునా తేలాలి. నేనే వచ్చి చూస్తాను" అని రాశారు కదా. కింద 'రిటైర్డు ఆడిటరు' అని ఉంది. ఆయనకి 'ఆడిటరు' ఒక్కటే కనబడింది. చెమటలు తుడుచుకుంటూ దాన్ని నోటీసు బోర్డుకి అంటించేశారు.

ఇక చూడండి నా సామిరంగా! శనివారం పొద్దున్నే క్యాషియరుగారు చేతిసంచీతో దిగారు. "నాది ముందు రాసుకో" అని ఒకరినొకరు తోసుకున్నారు. ఒకాయన తన తలమీద ఉన్నదే తీసి బల్లమీద పెట్టాడు. ఇన్‌వార్డు గుమస్తా గుద్ది గుద్ది చెయ్యి నొప్పని సెలవడిగాడు. పై ఊరి నుంచి కూడా ఇంకో పార్శిలు వచ్చింది. ఈ రోజు సోమవారం. మూట భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వెళ్లి డాక్టరమ్మకి పెట్టి వచ్చాను. వార్డులో ఇక ఎవరూ మిగల్లేదు.

మీరు వస్తారని గుమ్మం వైపే చూస్తున్నాను.

ఇట్లు
నేను

తా.క.: 'రేపురా' గారు రెండు తెచ్చారు. అదీ ఈ రోజే. ఆయన్ని ఇప్పుడు ఏమని పిలవాలో ఎవరికీ తోచడం లేదు.

*

చిరంజీవి అల్లుడికి, అల్లుడికి, అల్లుడికి ఆశీస్సులు.

ఖాళీ నింపాను.

సోమవారం నేను మీ ఊళ్లోనే ఉన్నాను. నువ్వు వెళ్లిన కాసేపటికే ఆ వార్డులో అడుగుపెట్టాను. పొడుగాటి గది, ఎత్తున ఉన్న కిటికీలు, వాటిలోంచి ఎముకలు కొరికే గాలి. వైద్యం కోసం చాలామంది పిల్లలకి తల గొరిగేశారు. ఆ తలలన్నిటి మీదా ఉన్ని టోపీలు. ప్రతి నుదుటి మీదా ఊదారంగులో 'అందినది'.

అల్లుడూ, నువ్వు ఇన్ని ఉత్తరాల్లో ఒక్కచోట 'ఉన్ని' అని రాసి ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా?

నేను గుడ్లప్పగించి నిలబడితే నర్సమ్మ వచ్చి, "మీరూ టోపీ పెట్టడానికే వచ్చారా?" అంది. తడబడి "పట్టుకోవడానికి వచ్చాను" అన్నాను. "అయితే ఇది పట్టుకోండి" అని ఒకటి నా చేతిలో పెట్టి, ఆ రోజే చేరిన ఒక చిన్నవాణ్ణి చూపించింది. జీవితమంతా టోపీలు పెట్టినవాళ్లని పట్టుకున్నవాణ్ణి, చివరికి నా చేత్తో నేనే ఒకటి పెట్టాను. వాడు నవ్వాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

చివరి మంచం మీది డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఎందుకేడుస్తున్నావు, మందు మింగలేదా?" అంది. దాని టోపీకి నీలం దారపు కుచ్చు ఉంది. ఆ ముడి నాకు బాగా తెలుసు. నా ఎదురుగా, నా వరండాలో, నా కూతురు కట్టిన ముడి.

సిగ్గుతో నీకు మొహం చూపించలేక బండెక్కి ఇంటికొచ్చాను. "పై ఊరి ముఠా నువ్వేనా?" అని అడిగాను. దానికి నీ మొదటి ఉత్తరంతోనే అంతా అర్థమైందట! మంచం మీద బోర్లా పడి ఏడ్చిందన్నాను చూడు, అది నవ్వు. "మరి నాతో ఒక్క మాట అనలేదేమే?" అంటే, "మీరు మీ తనిఖీ చేసుకుంటున్నారు కదా, నేను నాది చేసుకున్నాను. పెళ్లి పోతుందన్నా మాట తప్పనివాడు రేపు నాకిచ్చిన మాట తప్పుతాడా నాన్నా?" అంది. ఇంట్లో అసలు ఆడిటరు ఎవరో ఆ రోజు తెలిసింది.

నీ ఉత్తరం చివర దానికి చెప్పమన్న మాట ఒకటుంది. కోపంలో దాన్ని చదవకుండా మింగేశాను. తప్పు నాదే. నిన్న ఆ మాట దానికి వినిపించాను. ఈసారి నవ్వలేదు. కింద కాస్త చోటు వదలమంది. వదిలాను. ఏం రాస్తుందో నేను చూడను.

ఇట్లు
తలకి టోపీ పెట్టించుకున్న నీ మామ

తా.క.: పెళ్లి అనుకున్న తేదీకే. మీ ఇన్‌వార్డు గుమస్తాని తప్పకుండా పిలువు గానీ, ముద్ర ఇంట్లో వదిలి రమ్మను.

తా.క.: అందినది.