తెల్ల వ్యాన్‌లో పిల్లలు

బోవ్రెల్, మార్చి మొదటి వారం

ఒడీలక్కకు,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ కన్యాస్త్రీల మఠంలో చలి తగ్గిందా? సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్ లేని ఆ కొండమీద ఎలా ఉంటున్నావో అని ఇన్నాళ్ళూ నీమీద జాలిపడేదాన్ని. ఈమధ్య నిన్ను చూస్తే అసూయగా ఉంది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నా వ్యాన్ నీకు తెలుసు కదా. దాంట్లోనే నిన్ను చూడటానికి వచ్చాను, కుక్క కంపు అని మీ మఠం పెద్ద, మదర్, ముక్కు మూసుకున్నారు. లోపల ఒక తొట్టి, బల్ల, బొచ్చు ఆరబెట్టే మిషను, మూడు బోనులు. ఊరూరా తిరిగి కుక్కలకు స్నానాలు చేయించి, బొచ్చు కత్తిరించి వస్తాను. ఈ చక్కెర దుంపల పొలాల మధ్య నన్ను ఎరగని ఇల్లు లేదనుకునేదాన్ని.

పోయిన నెలలో మదాం డ్యుకెనోయ్ తన పూడిల్ కుక్కని నా బల్ల మీద పెట్టి, ఫోన్ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చదివింది. "జాగ్రత్త! తెల్ల వ్యాన్‌లో తిరుగుతున్నారు. కుక్కపిల్లల్ని చూపించి చిన్నపిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. పక్క ఊళ్ళో ఇద్దరు మాయమయ్యారు. పోలీసులు విషయం బయటికి రానివ్వడం లేదు. అందరికీ పంపండి."

"అయితే నన్ను కూడా ఎత్తుకుపో మిరెయ్, వంట చేసే బాధ తప్పుతుంది" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

నాలుగు ఊళ్ళు తిరిగేసరికి ఇద్దరు కాస్తా అయిదుగురయ్యారు. మొదట ఆ వ్యాన్‌లో ఉన్నది ఎవరో పరాయిదేశపు మగవాళ్ళు. తరవాత ఒక మగవాడూ ఒక ఆడదీ. ఆ తరవాత ఒక్క ఆడదే, పొట్టి జుట్టుది. ఎవరు చూశారని అడిగితే, మా తోడల్లుడి ఆఫీసులో ఒకాయన భార్య అంటారు. ఆవిణ్ణి అడగబోతే ఆవిడ ఇంకెవరి పేరో చెబుతుందట. పోలీసులకు నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. మొత్తం జిల్లాలో ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. ఆ మాటే రొట్టెల దుకాణంలో చెబితే, అమ్మే అమ్మాయి సంచీ చేతికిస్తూ, "వాళ్ళు అలాగే చెబుతారు లెండి మదాం" అంది.

అక్కా, సూప్ తాగకపోతే గోనెసంచి మనిషి వస్తాడని అమ్మ మనల్ని బెదిరించేది, గుర్తుందా? వాడి ముఖం ఎలా ఉంటుందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు దుప్పట్లో దూరి నా చెయ్యి పట్టుకునేదానివి. అదే కథ ఇప్పుడు అందరి చేతుల్లోనూ వెలుగుతోంది. ముఖం లేని వాడికి ఒక ముఖం వెతికే పనిలో పడ్డారు జనం.

మొన్న బడి ముందు నుంచి వస్తున్నాను. మదాం డ్యుకెనోయ్ మనవరాలు క్లొతిల్డ్ కనిపించింది. నన్ను చూస్తే పరుగెత్తుకొచ్చి కుక్కల్ని ముద్దుచేసే పిల్ల. చెయ్యి ఊపాను. ఆ పిల్ల కెవ్వున అరిచి వెనక్కి తిరిగి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురొస్తున్న కారు కీచుమని ఆగింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ గేటు దగ్గరున్న తల్లులెవరూ ఆ కారువైపు చూడలేదు. నావైపు చూశారు.

భయంగా ఉందక్కా.

నీ
మిరెయ్

•

బోవ్రెల్, మార్చి నెలాఖరు

అక్కా,

నీ ఉత్తరం అందింది. "నాలుగు రోజులు ఓపిక పట్టు, అదే సద్దుమణుగుతుంది" అని రాశావు. మన చిన్నప్పటి పుకార్లయితే సద్దుమణిగేవి. చెప్పేవాళ్ళకు నోరు నొప్పెట్టేది. ఇప్పుడు వేలితో ఒక్క నొక్కు చాలు.

లుడొవిక్ అని చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్ళ లాబ్రడార్‌కి అది గుప్పెడంత ఉన్నప్పటి నుంచి నేనే స్నానం చేయిస్తున్నాను. అతనే పొలం దారిలో కారు అడ్డంపెట్టి నన్ను ఆపాడు. ఫోన్ ఎత్తి పట్టుకునే దిగాడు.

"వెనక తలుపు తెరవండి."

"ఏమైంది లుడొవిక్? నేను, మిరెయ్‌ని!"

"తెరువు అంటున్నానా!" మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

తెరిచాను. బోనులో ఒక స్పానియల్ ఉంది, ఇంటికి పోతానని మూలుగుతోంది. "చూశావుగా, కుక్క" అన్నాను.

అతను లోపలికంతా ఫోన్ తిప్పి, "ఇప్పుడైతే కుక్కే ఉంది" అన్నాడు.

ఏమీ దొరక్కపోవడమే నా మీద రుజువైంది. సాయంత్రానికి ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. కుక్క మూలుగు దగ్గర శబ్దం పెంచి, కింద "వినండి, పిల్ల ఏడుపు" అని రాశారు. నేనూ విన్నాను. రెండోసారి విన్నప్పుడు, ఒట్టు అక్కా, నాకు కూడా పిల్ల ఏడుపులాగే వినిపించింది.

ఎవరూ పనికి పిలవడం లేదు. టైర్లు కోసేశారు. పగలే తెరలు వేసుకుని కూర్చుంటున్నాను. ఇంటి ముందు ఏ బండి నెమ్మదించినా లేచి తలుపు గడియ చూసుకుంటున్నాను.

అసలు సంగతి ఇంకా రాయలేదు. నదెజ్ నీకు తెలుసు. మా ఆయన పోయినప్పుడు నాతో పాటు శవపేటిక వెనక నడిచిన మనిషి. ప్రతి గురువారం ఆపిల్ టార్ట్ తెస్తుంది, కాఫీ తాగి వెళుతుంది. ఈ గురువారం కూడా వచ్చింది. కోటు విప్పకుండానే ఫోన్ తీసింది.

"ఏమే, చూశావా? ఆ వ్యాన్ నంబరు దొరికిందట! నాకు తెలిసినవాళ్ళందరికీ పంపేశాను. నువ్వు కూడా జాగ్రత్తగా ఉండు తల్లీ, నీదీ తెల్లదే. పొరపాటున ఎవడైనా నీమీద పడితే?"

ఆ నంబరు నాదే అక్కా. వీడియోలో ముఖాలు మసకగా ఉన్నాయి, మా మాటలు కోసేశారు, నంబరు మాత్రం ఎవరో విడిగా ఎత్తి రాసి పెట్టారు. నదెజ్‌ది పక్క ఊరు, నంబరు నాదని ఆమెకు తెలియదు. స్నేహితురాలి బండి నంబరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కాఫీ పోశాను. కప్పు నిండి సాసర్‌లోకి పొర్లింది. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది, నిద్ర లేదన్నాను. ఎందుకు చెప్పలేదంటావా? ఆ నంబరు నాదని చెబితే, "అయ్యో" అనే ముందు, ఒక్క క్షణం, ఆమె కళ్ళలోకి అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను. ఆ క్షణాన్ని చూసి నేను బతకలేను. లుడొవిక్ తిట్టినా తట్టుకున్నాను, ఇది తట్టుకోలేను.

అందుకే నిర్ణయించుకున్నాను. ఇల్లు తాళం వేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. మీ అతిథుల గదుల్లో ఒకటి ఇమ్మని మదర్‌ని అడుగు. వ్యాన్‌ని బాగా కడిగే తెస్తానని చెప్పు. మా అక్క ఉండే మఠానికి పోతున్నానని నదెజ్‌కి మాత్రం చెప్పాను.

నీ
మిరెయ్

•

ఆసుపత్రి నుంచి, ఏప్రిల్

అక్కా,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, వంకర అక్షరాలు చూసి కంగారుపడకు. కుడి మణికట్టు విరిగింది. అంతకంటే ముఖ్యమైన సంగతి చివర ఉంది, తప్పకుండా చివరిదాకా చదువు.

టైర్లు మార్పించి, సామానంతా వ్యాన్‌లో వేసుకుని పొద్దున్నే బయలుదేరాను. ఊరి చివర సూపర్‌మార్కెట్ ముందు గుంపు కనిపించింది. బ్రేకు వేశాను. కానీ వాళ్ళు నాకోసం ఆగలేదు. వాళ్ళ మధ్యలో ఇంకో తెల్ల వ్యాన్ ఉంది. పార్సెళ్ళు పంచే కుర్రాడిది, తిరుగుతున్న నంబరు దానిది కాదు. అద్దాలు బిగించుకుని లోపల కూర్చున్నాడు. చుట్టూ జనం అరచేతులతో బండిని బాదుతున్నారు. లుడొవిక్ ముందు అద్దం మీద ఇనపకడ్డీతో కొట్టాడు, అద్దం సాలెగూడులా పగిలింది. పక్కనే నదెజ్, ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది.

ఎవరూ నన్ను చూడలేదు. దారి ఖాళీగా ఉంది. వెళ్ళిపోవచ్చు. హమ్మయ్య, నేను కాదు, అనుకున్నానక్కా. అద్దం వెనక ఆ అబ్బాయి కళ్ళు కనిపించకపోతే వెళ్ళిపోయేదాన్నే.

హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అందరూ తిరిగారు. దిగాను.

"నదెజ్! నీ ఫోన్‌లో ఆ నంబరు చదువు. గట్టిగా."

"ఏంటే ఇది, నువ్వెందుకు వచ్చావిక్కడికి, పో…"

"చదవమంటున్నాను."

చదివింది. చదువుతూ చదువుతూ నా బండి ముందున్న నంబరు చూసింది. "మిరెయ్… ఇది నీదా?"

"ప్రతి గురువారం నీ కారు దీని పక్కనే ఆపుతావు."

నేను భయపడ్డ ఆ క్షణం రాలేదక్కా. ఆమె కళ్ళలో అనుమానం లేదు, ఏడుపు ఉంది. కానీ వెనక నుంచి ఎవడో అరిచాడు, "అయితే ఇదేరా ఆ ముండ!"

గుంపంతా నా మీదికి తిరిగింది. నదెజ్ నాకు అడ్డంగా నిలబడి చేతులు చాపి అరుస్తోంది. "నా స్నేహితురాలురా! వాళ్ళ అక్క కన్యాస్త్రీ! మఠానికి పోతోందిరా పాపం, వదలండి!" లుడొవిక్ నా భుజం పట్టి లాగాడు. వ్యాన్ మెట్టు మీద నుంచి పడ్డాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నా దుప్పట్లు, గిన్నెలు, పెట్టె అన్నీ తీసి రోడ్డు మీద పారేశారు. పిల్లల కోసం తొట్టి కింద కూడా వెతికారు. అంతలో పోలీసులు వచ్చారు. ఆ కుర్రాడు లోపల నుంచి ఫోన్ చేశాడట.

అతని పేరు బూబకర్. కనుబొమ్మ మీద కుట్లతో, నారింజపళ్ళు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. "మీరెందుకు దిగారండీ? నిజం చెబుతున్నా, మీ చోట నేనుంటే దిగేవాణ్ణి కాదు" అన్నాడు. నాకూ తెలియదన్నాను. ఇద్దరం పళ్ళు ఒలుచుకుని తిన్నాం.

తను పంపింది అబద్ధమని, వ్యాన్ నాదని, తనది తప్పని నదెజ్ అందరికీ రాసింది. దాన్ని ఎవరూ ఇంకొకరికి పంపలేదు. "నిన్నూ బెదిరించారా?" అని మాత్రం అడిగారట.

ఇప్పుడు అసలు విషయం. నదెజ్ నిన్న ఏడుస్తూ వచ్చింది. నన్ను కాపాడబోయి ఆమె అరిచిన మాట వాళ్ళ వీడియోల్లో ఉంది. పిల్లల్ని వ్యాన్‌లో మఠానికి చేరుస్తున్నారని, అక్కడ నన్‌లే దాస్తున్నారని తిరుగుతోంది. మీ మఠం ఫోటో పెట్టారు అక్కా. నేలమాళిగ కిటికీకి ఎర్ర బాణం గుర్తు వేశారు. మీ ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. మీ దగ్గరి పోలీసులకు ఇక్కడి డాక్టరు చేత చెప్పించాను, కనిపెట్టి ఉంటామన్నారు.

గేటు వేసుకోండి. ఎవరొచ్చినా తెరవకండి. నన్నెందుకు చెల్లెలిగా ఇచ్చాడా దేవుడు అనుకోకు.

మిరెయ్

•

మఠం, ఏప్రిల్

చెల్లీ, మిరెయ్,

నీ వంకర అక్షరాలు అందేసరికి వాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. మాకెవరికీ దెబ్బలు తగల్లేదు, ముందు ఆ మాట విని ఊపిరి పీల్చుకో.

ఆదివారం ప్రార్థన అయ్యాక మూడు కార్లలో వచ్చారు. ఎవరో యాత్రికులనుకుని నేనే గేటు తీశాను. అందరి చేతుల్లో ఫోన్లు. "నేలమాళిగ ఎక్కడ?" అని అడిగారు. మదర్ తాళంచెవి ఇచ్చేశారు. దిగారు. జామ్ సీసాలు, బంగాళాదుంపలు, విరిగిన బెంచీలు చూశారు. బీరువాలు జరిపారు. పైన మా గదుల్లో మంచాల కింద వంగి చూశారు. వాళ్ళు కూడా భయపడుతూనే ఉన్నారే మిరెయ్. ఏం కనబడుతుందోనని ఒక ఆడమనిషి తలుపు తీసిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది.

సిస్టర్ పెర్పెత్యూ నీకు గుర్తుందా? తొంభై దాటాయి, చెవులు సరిగ్గా వినిపించవు. మెట్ల దగ్గర కూర్చుని ఉంది. వాళ్ళలో ఒకడు ఆమె ముఖం ముందు ఫోన్ పెట్టి అరిచాడు. "పిల్లల్ని ఇక్కడ దాచారా లేదా?"

ఆమె ముఖం వెలిగింది. "ఆ, దాచారు బాబూ. ఈ కిందే, ఆ బీరువా వెనక. పదకొండుమందిమి."

ఆమెను దాచారే మిరెయ్. రెండో ప్రపంచయుద్ధంలో, యూదుల పిల్ల కాబట్టి. వాళ్ళ అమ్మానాన్నల్ని రైలెక్కించి తీసుకుపోయాక, అప్పటి నన్‌లు ఆమెనూ ఇంకా పదిమంది పిల్లల్నీ ఇక్కడ దాచి బతికించారు. జర్మన్ సైనికులు కూడా ఇదే ప్రశ్న అడిగారట, ఇదే మెట్ల మీద. ఆమె అదంతా చెప్పబోయింది. వాళ్ళు ఆగలేదు. "ఒప్పుకుంది! ఒప్పుకుంది!" అంటూ కార్లవైపు పరుగెత్తారు.

కళ్ళు మూసుకుంటూ తిరిగిన ఆ ఆడమనిషి ఒక్కతే వెళ్ళలేదు. కింద మెట్టు మీద కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నది. లేచేటప్పుడు సిస్టర్ చెయ్యి ముద్దుపెట్టుకుంది. బస్సులో ఇంటికి పోయింది, తను వచ్చిన కారు వెళ్ళిపోయింది కదా.

ఆ మాటలో మొదటి సగం ఈపాటికి నీ ఆసుపత్రిదాకా వచ్చి ఉంటుంది. రెండో సగం ఈ ఉత్తరంలో పంపుతున్నాను. నదెజ్‌కి చదివి వినిపించు.

గది సిద్ధం చేశాను. చెయ్యి నయం కాగానే రా. నిన్నెందుకు చెల్లెలిగా ఇచ్చాడని నేనెప్పుడూ అడగలేదు.

ఆ వీడియో చూసి ఇంకా చాలామంది బయలుదేరారని పోలీసులు చెప్పారు. రాత్రంతా ఎవరం నిద్రపోలేదు. గేటుకు తాళం వేద్దామని మదర్ అంటే సిస్టర్ పెర్పెత్యూ ఒప్పుకోలేదు. కుర్చీ గేటు దగ్గరికి మోయించుకుని, శాలువా కప్పుకుని కూర్చుంది. ఈసారి మొదటి నుంచి చెబుతుందట. నేను పక్కనే నిలబడతాను.

నీ అక్క
ఒడీల్