సుఖానికో ఉదాహరణ

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నీ అల్లుడూ, పిల్లలూ, నేనూ క్షేమం. నా బుర్ర ఒక్కటే క్షేమంగా లేదు.

"ఒక్క మాటకు మూడు వారాలేమిటే, అంతకంటే పిల్లల్ని కనడం నయం" అని రాశావు. నిజమే. మా ఆఫీసులో తయారవుతున్న తెలుగు-జపనీస్ నిఘంటువులో, సుఖపడడమే బతుక్కి పరమార్థం అనే వాదాన్ని ఏమనాలన్నది నా నెత్తిన పడింది. కైరకు షుగి అని ఒకటుంది, అది పండితుల మాట. క్యోరకు షుగి అంటే విలాసాల్లో తేలేవాణ్ణి చూసి మూతి విరిచినట్టుంటుంది. సెత్సునా షుగి అంటే రేపటి ఊసే ఎత్తకుండా ఈ క్షణానికే బతకడం. ఏది ముందు పెట్టినా మా పెద్దాయన ఒప్పుకోరు. ఆయన జపనీస్ మాస్టారుగా రిటైరై, ఇప్పుడు మా రాతలు దిద్దుతున్నారు.

పైగా ప్రతి మాటకూ బతుకులోంచి తీసిన ఉదాహరణ ఒకటి రాయాలి. పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తే చెల్లదు. తాగుబోతు గురించి రాస్తే "అది జబ్బు" అని కొట్టేశారు. విందుల మీద విందులిచ్చే షావుకారు గురించి రాస్తే "అది డాబు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. తమ్ముడి ఇల్లు వదిలి సముద్రం ఒడ్డున గది తీసుకోవడం తప్పా అన్నావు. నేను తప్పంటే నెలాఖరుకు ఖాళీ చేసి వాడి దగ్గరికే పోతానన్నావు. తొమ్మిదింటిదాకా పడుకుంటున్నానని, ఒక పూటే వండుకుంటున్నానని, కిటికీ దగ్గర కూర్చుంటే సాయంత్రమైపోతోందని దాచకుండా రాశావు. చదివి మండిపడ్డాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని నాకు నేర్పిందే నువ్వు కదా. తమ్ముడేమో ఫోన్ మీద ఫోన్. "నువ్వు చెప్తేనే వింటుందక్కా. పిల్లల్ని స్కూల్లో ఎవరు దింపుతారు?" అని.

ఇన్నాళ్ళూ రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆ కోపంలో నిన్నే ఉదాహరణగా రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. 'ఒకావిడ బాధ్యతలు వదిలేసి, పొద్దెక్కేదాకా పడుకుని, సముద్రం చూస్తూ కాలం గడుపుతోంది' అని. పక్కన క్యోరకు షుగి అని కూడా రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు. "అంతకుముందు ఈవిడేం చేసేది?" అన్నారు.

హాస్టల్ వంటశాలలో ముప్ఫై ఏళ్ళు, రోజూ నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేదని, తర్వాత ఎనిమిదేళ్ళు మనవల్ని పెంచిందని చెప్పాను.

ఆయన పెన్సిల్ కింద పెట్టేశారు. "ఇందులో విలాసం ఎక్కడుందమ్మా? ఆవిడ నిద్రపోతోంది, అంతే. రాసినవాళ్ళకే ఆవిణ్ణి చూస్తే కుళ్ళులా ఉంది."

ఆ కాగితం వెనక్కి తీసేసుకున్నాను. కుళ్ళేనమ్మా. నేను ఏ రోజూ అలా కూర్చోలేదు. కూర్చోవచ్చని కూడా నాకు తెలియదు.

గది ఖాళీ చెయ్యకు. తమ్ముడితో మాట్లాడాను, వాడి పిల్లల్ని వాడే దింపుకుంటాడు. అలిగాడు, అలగనీ. శనివారం నేనొక్కదాన్నే వస్తున్నాను. నాకోసం వండకు, ఎదురు రాకు. నేనొచ్చేసరికి నువ్వింకా పడుకునే ఉంటే తలుపు కొట్టను. నువ్వు లేచేదాకా మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
నీ కుళ్ళుమోతు పెద్దకూతురు