ఆగినట్టు కనిపించిన చక్రం

3 ఏప్రిల్ 1982, నంద్యాల

తమ్ముడు అబ్రహాము ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. సగం అన్నంలో లేచాడు. వాడు పనిచేసే నూనె మిల్లులో పెద్ద చక్రం తిరిగేటప్పుడు టక్కుమంటోందట. యజమానురాలు రామేశ్వరమ్మ మెకానిక్‌ను పిలిపించింది. అతను ఇంజన్ ఆపి చూసి, ఏమీ లేదని వెళ్లిపోయాడు. "పని ఎగ్గొట్టేదానికి సాకులు చెప్తాండావ్" అందట ఆమె.

"ఆగితే బీట మూసుకుంటాది అక్కా. తిరిగేటప్పుడు ఎవురు చూస్తారు?" అన్నాడు.

చూడొచ్చు. చుట్టుకొకసారి లైటు మెరిస్తే చక్రం ఆగినట్టే కనిపిస్తుంది. స్ట్రోబ్ లైట్. స్కూల్లో సైన్స్ చెప్తానే గానీ ఎన్నడూ చేయలేదు.

5 ఏప్రిల్, సాయంత్రం

ఫోటో స్టూడియో జకరయ్య పాత ఫ్లాష్ ఇచ్చాడు. ట్యూబు బాగుంది. అందులో కరెంటు నింపుకునే కెపాసిటర్ మరీ పెద్దది. ఒకసారి కళ్లు చెదిరేలా మెరుస్తుంది, మళ్లీ నిండటానికి ఎనిమిది సెకన్లు. చక్రం సెకనుకు ఏడు చుట్లు తిరుగుతుంది. పనికిరాదు.

7 ఏప్రిల్

పాత రేడియోలోని చిన్న కెపాసిటర్ పెట్టాను. నాలుగు నిమిషాలు చక్కగా మెరిసింది. తర్వాత ఉబ్బి పేలింది. కొంగు నిండా జిగురు. పెద్దదైతే ఆలస్యం. మరీ చిన్నదైతే వెలుతురు చాలదు. వేడెక్కకూడదు. మూడొందల ఓల్టులకు పైన తట్టుకోవాలి. అలాంటిది యాడ దొరుకుతుంది?

9 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ప్రార్థనలో తల ఎత్తాను. పైన ఫ్యాను.

10 ఏప్రిల్

ఇంట్లో ఫ్యాను కెపాసిటర్ విప్పాను. రెండున్నర మైక్రోఫారడ్లు, 440 ఓల్టులు. గంటసేపు మెరిపించినా చల్లగానే ఉంది. వెలుతురు తక్కువే. చీకటి చేస్తే చాలు.

"ఈ ఎండలో ఫ్యాను ఇప్పేది ఏందే లూదియా?" అంది అమ్మ. తమ్ముడి కోసమని చెప్పాను. విసనకర్ర వెతుక్కుంది.

12 ఏప్రిల్, ఆళ్లగడ్డ నుంచి వచ్చాక

మిల్లు కిటికీలకు గోనెసంచులు కట్టాం. రామేశ్వరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. ఇంజన్ నడుస్తోంది. మెరుపుల వేగం మార్చే నాబ్ మెల్లగా తిప్పాను. చక్రం నెమ్మదించింది, కాస్త వెనక్కి నడిచింది, ఆగింది. ఇరుసు నుంచి అంచుకు పోయే ఆకుల్లో ఒకదాని మొదట్లో నల్లటి బీట, వేలు పట్టేంత.

"అద్దో, చూడమ్మా" అని అబ్రహాము ముందుకు వంగి వేలు చాపాడు. వాడి ముఖంలో ఎంత సంతోషమో. ఇన్నాళ్లూ ఎవరూ నమ్మలేదు కదా. ఎదురుగా చక్రం కదలకుండా ఉంది. నా కళ్లకూ అంతే. చెవులకు మాత్రం ఇంజన్ హోరు. లైటు వదిలేసి వాడి చొక్కా పట్టి లాగాను. ఇద్దరం పడ్డాం. వేలి కొన చీరుకుపోయింది. అంతటితో పోయింది.

రామేశ్వరమ్మ ఇంజన్ ఆపించింది. గాయం మీద నీళ్లు పోస్తూ, "నీ మాట ఇనకపోతిని అబ్రామూ. కొత్త చక్రం వచ్చేదాకా మిల్లు నడిపేది లే" అంది.

చక్రం ఆగినట్టు కనిపించాలనే వారమంతా కెపాసిటర్లు వెతికాను. ఎంత బాగా ఆగిందంటే, ఆరేళ్లుగా దాని పక్కనే పనిచేసేవాడు మోసపోయాడు.

21 ఏప్రిల్

చక్రం విప్పితే ఆ ఆకు చేతిలోకి ఊడి వచ్చిందట.

5 జూలై, స్కూలు

తొమ్మిదో తరగతి. యాభై రెండు మంది. బల్ల మీద టేబుల్ ఫ్యాను, స్ట్రోబ్ లైట్. ముందు అందరినీ చేతులు కట్టుకోమన్నాను. ఆ తర్వాతే స్విచ్ వేశాను.